రిటైరయ్యాక నెమ్మదించడం: తీరికకు, తృప్తికి, కృతజ్ఞతకు మధ్య ఉన్న తేడా

నెలాఖరు రోజున హనుమకొండ, వరంగల్‌లో ఏ బడికో ఆఫీసుకో వెళ్తే ఎక్కడో ఒకచోట పదవీ విరమణ సభ జరుగుతూ ఉంటుంది. శాలువాలు, పూలదండలు, దంపతులను పక్కపక్కన కూర్చోబెట్టి బట్టలు పెట్టడం, గ్రూప్ ఫొటో, చివర్లో భోజనాలు. మైకు పట్టుకున్న వాళ్లంతా దాదాపు ఒకే మాటతో ముగిస్తారు: "ఇన్నేండ్లు కష్టపడ్డరు సార్, ఇగ హాయిగా రెస్టు తీసుకోండి." ప్రేమతో అనే మాటే అది. అయితే అందులో మూడు వేర్వేరు సంగతులు కలగలిసిపోయాయి. తీరిక దొరకడం ఒకటి. రోజు నెమ్మదిగా నడవడం ఇంకొకటి. ఉన్నదాన్ని, చుట్టూ ఉన్నవాళ్లను చూసి మనసు నిండడం మూడోది. మొదటిది ప్రభుత్వ ఉత్తర్వుతో వచ్చేస్తుంది. మిగతా రెండింటికీ ఏ ఉత్తర్వూ పనిచేయదు. తీరిక వచ్చింది కదా, మిగతావి వాటంతట అవే వస్తాయని ఎదురుచూసి, రాక, ఏదో తక్కువైందని కుమిలిపోయేవాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు.

ఈ మధ్య మన దగ్గర ఈ ముచ్చట ఎక్కువగా వినిపించడానికి ఒక కారణం ఉంది. 2021లో తెలంగాణ ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 61కి పెంచింది. దాంతో మూడేళ్ల పాటు రిటైర్మెంట్లు దాదాపు ఆగిపోయి, 2024 మార్చి నుంచి మళ్లీ మొదలయ్యాయి. అప్పటి నుంచి ప్రతి నెలా టీచర్లు, క్లర్కులు, నర్సులు, ఇంజినీర్లు గుంపులుగా ఇంటికి చేరుతున్నారు. చాలామంది విషయంలో ఆ తేదీ అమ్మకు గుర్తున్న పుట్టినరోజు ప్రకారం కూడా రాదు. బడిలో చేర్పించిన రోజు సారు అంచనా వేసి రిజిస్టర్‌లో రాసిన తేదీయే లెక్క. అది ఒకటో తేదీ అయితే అంతకు ముందు నెల చివరి రోజే ఆఖరి డ్యూటీ. ఒక మనిషి జీవితంలో ఇంత పెద్ద మలుపు ఎప్పుడో ఎవరో వేసిన అంకె మీద ఆధారపడి వస్తుంది. అందుకే మనసు సిద్ధమైన రోజూ, ఉద్యోగం ముగిసిన రోజూ ఒకటి కాకపోతే అందులో ఆశ్చర్యం లేదు.

ముందు శరీరం సంగతి చూద్దాం. కాజీపేటలో రైళ్లు నడిపి రిటైరైన వాళ్లను అడిగితే చెప్తారు, ఏళ్ల తరబడి అర్ధరాత్రి పిలుపు వస్తే లేచి వెళ్లిన ఒళ్లు, పిలుపు ఆగిపోయిన తర్వాత కూడా రెండింటికో మూడింటికో లేచి కూర్చుంటుంది. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లిలో మూడు షిఫ్టులు మారుతూ బొగ్గు బాయి దిగినవాళ్లదీ అదే కథ. టీచర్ల ఇబ్బంది ఇంకో రకం. తొమ్మిదయ్యేసరికి కాళ్లు గుమ్మం వైపు లాగుతాయి. మెదడులో నిద్రను, ఆకలిని, చురుకుదనాన్ని నడిపించే ఒక గడియారం ఉంది. అది ముఖ్యంగా వెలుతురును బట్టి, కొంతవరకు తిండి వేళలను, నడకను బట్టి తనను తాను సరిచేసుకుంటుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్లు ఈ మూడింటికీ వేళలు డ్యూటీయే పెట్టేది. అది పోయాక పొద్దున ఎనిమిదికి లేచి, పదకొండుకు టిఫిన్ చేసి, మధ్యాహ్నం రెండు గంటలు పడుకుని, రాత్రి ఒంటిగంట దాకా టీవీ చూస్తే ఆ గడియారం తికమకపడుతుంది. అలాంటి రోజు బయటి నుంచి చూస్తే నిదానంగానే కనిపిస్తుంది. లోపల మాత్రం చిరాకు, మలబద్ధకం, నిద్ర పట్టకపోవడం. కాబట్టి నెమ్మదిగా బతకాలంటే వేళలు ఉండకూడదని అనుకోవద్దు. లేచే వేళ, పొద్దుటి ఎండలో నడిచే వేళ, తినే వేళ స్థిరంగా ఉంటేనే మధ్యలో ఉన్న సమయం వదులుగా, హాయిగా ఉంటుంది. 65 దాటినవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం, దాంతోపాటు తూలిపడకుండా కాపాడే కసరత్తులు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. భద్రకాళి బండ్ మీదో, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లోనో రోజూ అరగంట నడిచేవాళ్లకు ఆ 150 నిమిషాలు పెద్ద లెక్క కాదు.

తర్వాత మనసు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ యాచ్లీ 1976లోనే రిటైర్మెంట్‌ను దశలుగా విడగొట్టి చూపించారు. మొదట్లో కొత్త పెళ్లి లాంటి సంబరం ఉంటుంది. తిరుపతి, కాశీ, కొడుకు దగ్గరికి, బిడ్డ దగ్గరికి ప్రయాణాలు, ఇన్నాళ్లూ వాయిదా వేసిన ఇంటి మరమ్మతులు. అవన్నీ అయ్యాక నిరుత్సాహం వస్తుంది. ఆ తర్వాతే మనిషి తన కొత్త బతుకును మళ్లీ పేర్చుకుంటాడు. అందరూ ఇదే వరసలో నడుస్తారని కాదు గానీ, రెండో దశ వచ్చినప్పుడు "నాకే ఎందుకిట్లయితుంది" అని భయపడేవాళ్లు ఇది తెలిస్తే కొంత ఊపిరి పీల్చుకుంటారు. ఏ సుఖానికైనా కొన్నాళ్లకు అలవాటు పడిపోవడం మనసుకున్న సహజ గుణం. జీతం పెరిగిన నెలలో ఉన్న సంతోషం ఏడాదికి ఉండనట్టే, సోమవారం పొద్దున ఆఫీసుకు పోనక్కర్లేదన్న ఆనందం కూడా కొన్ని నెలలకు మామూలైపోతుంది.

ఈ దశలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది: రోజు గడవదు, ఏడాది మాత్రం ఇట్టే గడిచిపోతుంది. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? మనం సమయాన్ని రెండు తీర్లుగా కొలుస్తాం. గడుస్తున్నప్పుడు ఒక తీరు, గడిచాక గుర్తు చేసుకున్నప్పుడు ఇంకో తీరు. చేయడానికేమీ లేక మాటిమాటికీ గోడ గడియారం చూస్తూ కూర్చుంటే గంట సాగుతుంది. కానీ అలాంటి రోజులు ముప్పై గడిచాక వెనక్కి చూస్తే, ఒకదానికీ ఇంకొకదానికీ తేడా లేక జ్ఞాపకంలో అన్నీ ఒకే రోజుగా ముడుచుకుపోతాయి. కొత్తగా ఏదైనా చూసిన రోజు, నేర్చుకున్న రోజు దీనికి పూర్తిగా తిరగబడుతుంది. నడుస్తున్నప్పుడు గడియారం గుర్తుకే రాదు, తర్వాత తలచుకుంటే మాత్రం నిండుగా, పొడవుగా కనిపిస్తుంది. మనకు కావాల్సిన నెమ్మది ఇదే. విసుగు పుట్టించే రోజును నెమ్మదైన రోజు అని పొరబడితే మనిషి తనకు తెలియకుండానే మొద్దుబారిపోతాడు.

అంటే నెమ్మదించడం అసలు ఎక్కడ ఉంది? నా సమాధానం ఒక్కటే. అది గమనింపులో ఉంది. చేస్తున్న పని మీద, ఎదురుగా ఉన్న మనిషి మీద చూపు నిలవడంలో ఉంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు అది కుదరదు. అన్నం తింటూ ఫైలు గురించి, పిల్లలతో మాట్లాడుతూ ఇన్‌స్పెక్షన్ గురించి ఆలోచించడమే ముప్పై ఏళ్ల అలవాటు. రిటైరైన తర్వాత ఫైలు పోతుంది, అలవాటు పోదు.

మా వీధిలో రిటైరైన ఒక ఇంజినీరు సారు గురించి చెప్తాను. ఆయనకు సంక్రాంతి అంటే స్టీలు డబ్బాలో నిండుగా ఉన్న సకినాలు, అంతే. రిటైరైన ఏడాది మొదటిసారి అవి తయారయ్యే రోజంతా ఇంట్లో ఉన్నాడు. ఊరికే కూర్చోలేక తానూ చేస్తానని చాప మీద కూర్చున్నాడు. నానబోసిన బియ్యాన్ని వడేసి, తడి మీదే పట్టించిన పిండి. అందులో నువ్వులు, వాము, ఉప్పు. పిండిని బొటనవేలుకూ, పక్క రెండు వేళ్లకూ మధ్య మెలితిప్పుతూ, సన్నటి తాడులా జారవిడుస్తూ, పరిచిన పాత నూలు బట్ట మీద చుట్టు మీద చుట్టు వేయాలి. పిండి కాస్త పలచనైతే చుట్లు ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. గట్టిపడితే మధ్యలో తెగిపోతుంది. మెలిక సమంగా పడకపోతే నూనెలో వేసినప్పుడు విరుగుతుంది. ఆయన వేసిన మొదటివి గుండ్రంగా కూడా రాలేదు. పక్కన ఆయన భార్య, వదిన ముచ్చట్లు చెప్పుకుంటూ, చేతి వంక చూడకుండానే, అచ్చు పోసినట్టు నాలుగు చుట్లు వేసి పక్కకు జరుగుతున్నారు. మధ్యాహ్నానికి ఆయన నడుం పట్టేసింది. సాయంత్రం కాగిన నూనె ముందు నిలబడి బట్ట మీంచి ఒక్కొక్కటీ విరగకుండా తీసి వేసేది కూడా వాళ్లే. ఆ పూట ఆయన భార్యతో అన్న మాట ఇది: "ప్రతి ఏడు ఇంత పని చేస్తవా నువ్వు?"

ఈ ఒక్క మాటలో నేను చెప్పదలుచుకున్న వరస మొత్తం ఉంది. తీరిక వల్ల ఆయన అక్కడ కూర్చున్నాడు. చేతులతో పని చేయడం వల్ల చూపు నిలిచింది. చూపు నిలవడం వల్ల ఇన్నేళ్లూ కనిపించని శ్రమ కనిపించింది. కనిపించాకే మనసులో ఏదో కదిలింది. కృతజ్ఞత ఉండాలి, ఉండాలి అని మనసుకు చెప్పుకుంటే పుట్టేది కాదు. ఎవరు, ఏం చేశారు, దానికి వాళ్లకు ఎంత ఖర్చయింది అన్నది స్పష్టంగా తెలిసినప్పుడు పుడుతుంది. అందుకే "దేవుడు అన్నీ ఇచ్చాడు" అనే మాట రోజూ అనుకున్నా మనసు పెద్దగా కదలకపోవచ్చు. తనను హాస్టల్‌లో చేర్పించడానికి నాయన ఎడ్లను అమ్మిన సంగతి గుర్తొస్తే మాత్రం గొంతు పూడుకుపోతుంది.

దీని మీద జరిగిన పరిశోధన కూడా తెలుసుకోదగ్గది. 2003లో అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులను మూడు గుంపులు చేసి పది వారాల పాటు వారానికోసారి రాయించారు. ఒక గుంపు తాము కృతజ్ఞతగా భావించే సంగతులు, ఇంకో గుంపు చిరాకు పెట్టిన సంగతులు, మూడో గుంపు మామూలు సంఘటనలు రాసింది. మొదటి గుంపు తమ జీవితం గురించి మెరుగ్గా భావించింది. ఒంట్లో నలతల గురించి తక్కువ చెప్పింది. అదే పరిశోధనలో నరాలు, కండరాల జబ్బులున్న వయోజనుల చేత 21 రోజులు రోజూ రాయిస్తే, వాళ్లకు నిద్ర కూడా మెరుగైంది. సోన్యా ల్యూబోమిర్‌స్కీ బృందం ఇంకో ఆసక్తికరమైన సంగతి గమనించింది. వారానికి ఒక్కసారి రాసినవాళ్లకు మేలు జరిగింది, మూడుసార్లు రాసినవాళ్లకు పెద్దగా తేడా రాలేదు. మొక్కుబడిగా మారితే ఇందులోనూ పస పోతుంది. తర్వాతి కాలంలో ఇలాంటి అధ్యయనాలన్నింటినీ కలిపి చూసినవాళ్లు మేలు ఉన్నది నిజమే గానీ అది చిన్నదేనని తేల్చారు. ఆ మాటా దాచకుండా చెప్పుకోవాలి. నోటుబుక్కులో మూడు వాక్యాలు రాస్తే జీవితం మారిపోతుందని ఊరించే వీడియోల వల్ల నిజంగా కష్టంలో ఉన్నవాళ్లు ఇంకా కుంగిపోతారు.

ఇక్కడ ఒక గట్టి గీత గీయాలి. కృతజ్ఞత వేరు, సర్దుకుపోవడం వేరు. ఉద్యోగి ముప్పై ఏళ్లు దాచుకున్న జీపీఎఫ్, గ్రాట్యుటీ, లీవుల డబ్బు రిటైరైన నెలలో చేతికి రావాలి. బిడ్డ పెళ్లికో, ఇంటి అప్పుకో అని లెక్క వేసుకున్న డబ్బు అది. అది నెలల తరబడి రాక, ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న మనిషితో "ఉన్నదాంతో తృప్తి పడాలె సార్" అనడం అన్యాయం. రావాల్సింది అడగడం హక్కు. కోపం రావడం సహజం. కోపం ఉన్న మనిషికి కృతజ్ఞత లేదనుకోవడం కూడా తప్పే. బకాయిల కోసం ధర్నాలో కూర్చుని, అక్కడికి చాయ్ ఫ్లాస్కు పట్టుకొచ్చిన పాత విద్యార్థిని చూసి కళ్లు చెమర్చే టీచర్లు ఉంటారు. రెండూ ఒకే గుండెలో పడతాయి.

డబ్బు భద్రత అందరికీ ఒకటే కాదన్నది కూడా ఇందులో భాగం. 2004 సెప్టెంబర్ 1కి ముందు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవాళ్లకు పాత పెన్షన్, ఆ తర్వాత చేరినవాళ్లకు వాటా జమ చేసుకునే కొత్త పథకం. బొగ్గుబాయిల్లో పనిచేసినవాళ్లకు 1998 నాటి పెన్షన్ పథకం ఉంది. అందులో ప్రభుత్వ ఉద్యోగి పెన్షన్‌లా డీఏ (కరువు భత్యం) కలిసి పెరగదు. ప్రైవేటులో చేసినవాళ్లకు వచ్చే ఈపీఎఫ్ పెన్షన్‌కు 2014లో పెట్టిన కనీస మొత్తం నెలకు 1,000 రూపాయలు. ఇక జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే అవ్వలకు, సాంచాల (మరమగ్గాల) మీద బతికిన నేతన్నలకు రిటైర్మెంట్ తేదీ అనేదే లేదు. 2019లో 2,016 రూపాయలకు పెంచిన ఆసరా పెన్షనే ఆధారం, చూపు ఆనినన్నాళ్లు చాటలో తునికాకు, తంబాకు కదులుతూనే ఉంటాయి. దుబాయ్, మస్కట్‌లలో ఇరవై ఏళ్లు చేసి వెనక్కి వచ్చినవాళ్లకు సన్మాన సభ కూడా ఉండదు. "నెమ్మదిగా బతకండి" అన్న సలహా వీళ్లకు చెప్పేముందు ఆలోచించాలి. నెలాఖరున శాలువా కప్పించుకుని ఇంటికి వచ్చినవాళ్లకు ఈ పోలిక ఎవరో బుద్ధి చెప్పడానికి వాడితే ముల్లులా గుచ్చుకుంటుంది. తమంతట తాము చూసినప్పుడు మాత్రం, తమ నెమ్మది వెనక ఎంత పెద్ద ఆసరా ఉందో తెలుస్తుంది.

ఇంకో గీత దిగులుకు, జబ్బుకు మధ్య. రెండు వారాలకు మించి ఏ పని మీదా మనసు లేకపోవడం, నిద్రా ఆకలీ దెబ్బతినడం, "నేనెందుకు, ఎవరికి భారం" అన్న మాటలు రావడం మామూలు రిటైర్మెంట్ దిగులు కావు. దీనికి డైరీ, ధ్యానం సరిపోవు, డాక్టర్ కావాలి. మందులతో, కౌన్సెలింగ్‌తో నయమయ్యే జబ్బు ఇది. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. పెద్దవాళ్లకు ఇతర అవసరాలకు 14567 ఎల్డర్‌లైన్ ఉంది.

చేతికి చిక్కిన తీరికను ఏవి మింగేస్తాయో అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా దాటేస్తాను. ఫోన్ మొదటిది. పొద్దున లేచి అన్ని గ్రూపుల్లో శుభోదయాలు చూసి, జవాబిచ్చి, వచ్చిన వీడియోలు చూసేసరికి పదవుతుంది. రెండోది, ఖాళీగా ఉన్నారు కదా అని మీద పడే పనులు. ప్లాట్ల బేరాలు, సంఘం పదవులు, బంధువుల పంచాయితీలు. మూడోది సున్నితమైనది. అమెరికాలో కొడుక్కో కోడలికో ఆఫీసు ఉంటే, మనవణ్ని చూసుకోవడానికి ఆరు నెలలు వీళ్లు, ఇంకో ఆరు నెలలు వియ్యాలవాళ్లు. మనవడి నవ్వు నిజమే, ఒళ్లు నొప్పులూ నిజమే. ఇష్టంగా వెళ్లేవాళ్లు ఆనందంగా వెళ్లొచ్చు. మొహమాటానికి వెళ్లేవాళ్లు మాత్రం నోరు తెరిచి చెప్పడం మంచిది. స్టాన్‌ఫర్డ్‌లో లారా కార్‌స్టెన్సన్ చేసిన పరిశోధన దీనికి ధైర్యం ఇస్తుంది. ముందున్న కాలం పరిమితమని తెలిసినకొద్దీ మనుషులు పరిచయాలు తగ్గించుకుని, మనసుకు దగ్గరైన కొద్దిమందికే సమయం ఇస్తారని, దానివల్ల వాళ్లు మరింత తృప్తిగా ఉంటారని ఆమె చూపించారు. రెండు ఫంక్షన్లు మానేస్తే స్వార్థపరులైపోయినట్టేమీ కాదు.

కొత్తదనం కోసం దూరాలు పోనక్కర్లేదు. పాలంపేటకు ఇన్నేళ్లూ విద్యార్థులను టూరు తీసుకెళ్లి, తలలు లెక్కపెట్టుకుంటూనే రామప్ప గుడి చూసిన టీచర్లు చాలామంది. 1213లో మొదలైన ఆ కట్టడం దాదాపు నలభై ఏళ్లు సాగిందని చెప్తారు. 2021లో యునెస్కో వారసత్వ హోదా వచ్చాక జనం పెరిగారు గానీ, మామూలు రోజు పొద్దున్నే వెళ్తే ఇప్పటికీ ప్రశాంతంగా ఉంటుంది. ఈసారి లెక్కపెట్టాల్సిన తలలు లేవు. ఒక్క నల్లరాతి మదనిక (నాట్యగత్తె శిల్పం) ముందు పావుగంట నిలబడితే మెడలోని హారాన్ని చెక్కిన పనితనం కళ్లకు ఆనుతుంది. పేరు కూడా తెలియని ఎవరో శిల్పి మీద గౌరవం పుడుతుంది.

కృతజ్ఞత కలిగాక దాన్ని ఏం చేయాలన్నది అసలు చిక్కు. మన ఇళ్లల్లో నోటితో చెప్పే అలవాటు తక్కువ. ఇంట్లోవాళ్లకు థాంక్స్ చెప్తే పరాయివాళ్లలా ఉంటుందంటాం. మన తీరు చేతల్లో ఉంటుంది. ఆడబిడ్డకు ఒడిబియ్యం పోస్తాం, కొత్త పంటలో కొంత పంపుతాం, తంగేడు, గునుగు కోసుకొచ్చి బతుకమ్మ పేర్చి తొమ్మిది రోజులు ఆడి చెరువుకు అప్పగిస్తాం. ఇది గొప్ప పద్ధతే. కానీ పండుగలకు, పెళ్లిళ్లకు అందని అప్పులు కొన్ని ఉంటాయి. ఫీజు కట్టిన మేనమామ, ఉద్యోగంలో చేరిన కొత్తలో తప్పు కాచిన సీనియర్, ఊళ్లో లెక్కలు నేర్పిన సారు. మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో వచ్చిన అధ్యయనంలో, తాము ఎన్నడూ సరిగా కృతజ్ఞత చెప్పుకోలేకపోయిన ఒక మనిషికి ఉత్తరం రాసి, స్వయంగా వెళ్లి ఇవ్వమని కొందరికి చెప్పింది. వాళ్లు పరీక్షించిన పద్ధతుల్లో అప్పటికప్పుడు అన్నిటికన్నా ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే, ఆ ప్రభావం నెల దాకా కనిపించింది. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ ఇంకో మెట్టు ముందుకెళ్లారు. ఇలాంటి ఉత్తరం అందుకున్నవాళ్లు ఇబ్బంది పడతారేమోనని రాసేవాళ్లు ఎక్కువగా ఊహించుకుంటారట, అందుకున్నవాళ్లు ఎంత సంతోషిస్తారో తక్కువగా అంచనా వేస్తారట. "ఇప్పుడు పోయి చెప్తే ఏమనుకుంటరో" అని మనం ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. ఆ సారు ఎనభై దాటి ఉంటే ఎక్కువ ఆలోచించే టైము లేదు. నర్సంపేటలో ఉన్నా హుజూరాబాద్‌లో ఉన్నా ఒక పూట బస్సు ప్రయాణమే.

అందరికన్నా పెద్ద అప్పు మాత్రం వంటింట్లో ఉంది. 2019లో దేశమంతటా చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే ఇచ్చారు. మగవాళ్లలో ఇంటి పనికి చెయ్యి వేసినవాళ్లే నాలుగో వంతు, వాళ్లు ఇచ్చింది 97 నిమిషాలు. భర్త రిటైరైతే ఈ లెక్క భార్యకు తగ్గుతుందనుకుంటాం. తరచూ పెరుగుతుంది. ఇంతకుముందు పొద్దున టిఫిన్, డబ్బా కట్టి పంపితే సాయంత్రం దాకా ఇల్లు ఆమెది. ఒక కూర, మిగిలిన పచ్చిపులుసుతో మధ్యాహ్నం తినేసి, కాసేపు వాలి, సీరియల్ చూసి, పక్కింటి అక్కతో మాట్లాడుకునేది. ఇప్పుడు పదకొండుకు చాయ్, ఒంటిగంటకు వేడివేడి అన్నం, నాలుగింటికి మళ్లీ చాయ్, మధ్యలో "ఆ డబ్బా ఇక్కడెందుకు పెట్టినవ్, గ్యాస్ ఎందుకింత తొందరగా అయిపోతుంది" అని తనిఖీ. ఆఫీసులో నలుగురికి పని చెప్పిన మనిషికి ఇప్పుడు మిగిలిన ఒకే ఒక్క ఉద్యోగి ఆమె. జపాన్‌లో 1990లలోనే, భర్త రిటైరైన తర్వాత భార్యలకు వచ్చే తలనొప్పులు, కడుపునొప్పులు, బీపీని గమనించి డాక్టర్లు ఈ సమస్యకు ఒక పేరే పెట్టారు. మన దగ్గర పేరు లేదు గానీ, "మీరు రిటైరయిన్రు, నేనెప్పుడయిత?" అన్న ప్రశ్న చాలా ఇళ్లల్లో వినిపిస్తుంది. నవ్వుతూ అడిగినా అందులో అలసట ఉంది. ఉద్యోగం చేసి తామే రిటైరైన ఆడవాళ్లకైతే ఒక డ్యూటీ పోయి రెండోది పూర్తిస్థాయిలో మిగులుతుంది.

భర్త దినచర్య నెమ్మదించడానికి ఆమె రెండింతలు పరుగెత్తాల్సి వస్తే, ఆ నెమ్మది ఆమె దగ్గర అరువు తెచ్చుకున్నది. సకినాల రోజున శ్రమ చూసి కదిలిపోయిన ఆ ఇంజినీరు సారు అక్కడితో ఆగి ఉంటే ఆయన కృతజ్ఞత మంచి మాటగానే మిగిలేది. ఆయన పొద్దుటి చాయ్, కూరగాయలు తేవడం, తరగడం తన పని చేసుకున్నాడు. తర్వాత రాత్రి వంట నేర్చుకున్నాడు. మొదట్లో ఆమెకే నచ్చలేదు. వంటింట్లో మగమనిషి తిరగడం, గిన్నెలు ఎక్కడివక్కడ పెట్టకపోవడం చిరాకు తెప్పించింది. మాట్లాడుకుని వారంలో కొన్ని పూటలు వంటిల్లు పూర్తిగా ఆయనదే అని అనుకున్నాక కుదురుకుంది. జొన్నరొట్టె మాత్రం ఇంకా ఆయన చేతికి రాలేదు, అంచులు పగులుతున్నాయి. రిటైరైన తర్వాత చూపు నిలవడానికి ఇంతకన్నా మంచి పని నాకు తోచదు. ఉల్లిగడ్డ ఏ రంగుకు వచ్చాక కారం వేయాలో తెలుసుకునేటప్పుడు మనసు ఇంకెక్కడికీ పోదు.

రిటైర్మెంట్‌కు ఇంకా ఏడాది ఉన్నవాళ్లు ఇప్పుడే దంపతులిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. పెన్షన్ కాగితాల్లో ఆమె పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా, ఫ్యామిలీ పెన్షన్ ఎలా వస్తుందో, ఏ బ్యాంకులో ఏముందో ఆమెకు తెలుసా, ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లో ఇవ్వడం ఇద్దరికీ వచ్చా అన్నవి ఒక వైపు. ఏ పూట వంట ఎవరిది, మధ్యాహ్నం ఇల్లు ఎవరి చేతిలో ఉండాలి, ఆమెకు ఇంట్లో ఎవరి పిలుపూ వినపడని గంట ఏది, ఆమె ఏం నేర్చుకోవాలనుకుని మానేసింది అన్నవి ఇంకో వైపు. మొదటి రకం ప్రశ్నలకు ట్రెజరీలోనో బ్యాంకులోనో సమాధానం దొరుకుతుంది. రెండో రకం ఆమెనే అడగాలి, అడిగి చివరిదాకా వినాలి. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. పరకాలలో ఉన్న చెల్లె దగ్గరికి పొద్దున పోయి రాత్రికి వస్తానని ఆమె అంటే, "మరి నాకు అన్నం?" అన్న ప్రశ్న రాని ఇంట్లో ఇద్దరూ రిటైరైనట్టే.